దొంగకు కుట్టిన తేలు: రాత్రివినోదములందలి ప్రమాదములు, పరిహారము, లోకాభిప్రాయము

తెలుగున "దొంగకు తేలు కుట్టినట్లు" అను సామెత మిక్కిలి ప్రసిద్ధము. కుట్టినది నిజమైన తేలే. బాధయు నిజమైన బాధయే. కాని యరచినచో తానెచ్చట నున్నది పదుగురకు తెలియును గావున దొంగ పండ్లు బిగబట్టి యూరకుండును. సామెతలోని చమత్కారమంతయు ఆ మౌనమునందే కలదు. రాత్రివేళ వినోదస్థలములయందు, అనగా పబ్బులలో, బారులలో, నృత్యశాలలలో, డిసెంబరు 31వ తేదీ వేడుకలలో, సినిమాల తొలి ప్రదర్శనలలో దెబ్బతినినవానిని మన లోకము ఈ దొంగ యున్నచోటనే నిలబెట్టుచున్నదని మాకు తోచుచున్నది. వాడు మౌనముగా నున్నంతకాలము లోకము కొంత జాలిపడును. నష్టపరిహారమిప్పింపుడని న్యాయస్థానమున కేగెనా, జాలి తొలగి వింత మొదలగును. దొంగ ఠాణాకు పోయి తేలుమీద ఫిర్యాదు చేసినట్లు చెప్పుకొని నవ్వుదురు.

తెలుగు శాఖవారి వార్షిక పరిశోధనపత్రికలో ఈ ప్రసంగమేల యని చదువరులు శంకింపవచ్చును. ఇది న్యాయశాస్త్రజ్ఞుల విషయము కాదా? పరిహారమెంత, ఎవరివలన రాబట్టవలె ననునది వారి విషయమే. కాని యడుగుటకు సిగ్గుపడవలెనా వలదా యనునది శాసనములచే నిర్ణయింపబడదు. అది సామెతలలో, నాటకములు చూచి మనము నవ్విన నవ్వులలో, ప్రతిదినము చదువు వార్తావాక్యముల నిర్మాణములో తయారగుచున్నది. ఇవి మన పరిశీలనకు లోబడినవే. శాసనవిషయములను అవసరమైనంతవరకే స్పృశింతుము.

మమ్ములను ఈ విచారమునకు పురికొల్పినది యొక చిన్న సంఘటన. మా శాఖలో పరిశోధన చేయుచుండిన యొక యువకుడు కొన్ని సంవత్సరముల క్రిందట నూతనసంవత్సరపు వేడుకకు టిక్కెట్టు కొని యొక హోటలు మేడమీది కార్యక్రమమునకు పోయెను. దిగివచ్చునప్పుడు మెట్లవద్ద దీపము లేదు. కటకటా యొకవైపు ఊడియున్నది. పడి తుంటియెముక విరుగగొట్టుకొనెను. ఆ రాత్రి యతడు మద్యము పుచ్చుకొనిన మాట నిజమే. ఆ సంగతి దాచుట మా యభిమతము కాదు. దాచినచో నీ వ్యాసమునకు ప్రయోజనమే లేదు. అతని తండ్రి పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండి విశ్రాంతి గొనినవారు. వకీలుగారు జరిగినదంతయు తెలుగున వ్రాసి తెమ్మనగా, వ్రాసిన కాగితములను భాష దిద్దింపగోరి మావద్దకు తెచ్చిరి. వానిని గూర్చి తుదిని చెప్పెదము. నాడాయన మాతో నన్న మాటనుమాత్ర మిచ్చట నుదాహరింతుము: "మాస్టారూ, ఆ రాత్రి సంగతి కోర్టు కాగితాల్లోకి ఎక్కితే రేపు చిన్నదానికి సంబంధం వస్తుందంటారా?"

ఈ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోతిమి. దాని మూలమెచ్చటనున్నదో వెదకుచు మొట్టమొదట కన్యాశుల్కమును తెరచితిమి.

ప్రథమాంకమున మధురవాణి యింటి రంగమును ఎరుగనివారు మన పాఠకులలో నుండరు. రామప్పపంతులు మంచముక్రింద దాగును. గిరీశము నక్కడికే చేరును. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వచ్చును. గిరీశమునకు తగులవలసిన దెబ్బ పంతులుకు తగులును. ఈ రంగమును విమర్శకులు ప్రహసనదృష్టితో మెచ్చుకొనిరి. పాత్రల యిరుకుపాటును చిత్రించిన నేర్పును కొనియాడిరి. మేము మరియొక్కటి గమనింపుడని వేడుచున్నాము. దెబ్బ తినినవాడెవడు? వ్యాజ్యములే వృత్తిగా గలవాడు. దస్తావేజులు సృష్టించుటలో, సాక్షులను తయారుచేయుటలో ఆరితేరినవాడు. లోకము కోర్టుపక్షి యని పిలుచు జాతికి శిరోమణి. గోరంత కారణమునకు కొండంత దావా లేవదీయగల యీ మహానుభావుని వీపుమీద పడిన యీ దెబ్బ నాటకాంతమువరకు న్యాయస్థానపు మెట్లెక్కదు. ఏల? సాక్షులు లేకనా? ఇద్దరు ముగ్గురున్నారు. దెబ్బ చిన్నదగుటచేతనా? అంతకంటె చిన్నవానికి కోర్టుకెక్కినవారు లేకపోలేదు. తగిలిన చోటు వీపు గాదు, మధురవాణి యిల్లు. అర్జీలో మొదటి వాక్యమే "నేను ఫలానా దినమున ఫలానావారి యింట మంచముక్రింద నుండగా" అని మొదలుకావలెను. వాక్యము మొదలైనంతనే వ్యాజ్యము ముగిసినట్లే.

అప్పారావుగారు ఈ సూక్ష్మమును ఉద్దేశించిరో లేదో మేము చెప్పజాలము. కాని ప్రేక్షకులు నవ్వుటకు గల కారణములలో నిదియొకటి. దెబ్బ తప్పువానికి తగిలినను తగినవానికే తగిలినదని మనకు లోలోపల తృప్తి. అతడా తావున నున్నందులకు శిక్ష యది. చీపురుకట్టకు చెప్పినట్లే కోపమున్నది, కారణమున్నది, వెనుక నొక వంచింపబడిన స్త్రీ చేయి యున్నది. కావున నవ్వు ధర్మవిరుద్ధము గాదు.

చిక్కు దీనిని మెట్లకు అన్వయించుకొనుటలో వచ్చినది. దీపములేని మెట్టుకు కోపములేదు. ఊడిన కటకటాకు నీతి తెలియదు. ఐనను రాత్రివేళ పబ్బులో పడినవానిని చూచి లోకము, ఆ మెట్టు పూటకూళ్లమ్మ చేతి చీపురుకట్టయే యైనట్లు, తగినశాస్తి జరిగినదని భావించును. "చేసుకొన్నవారికి చేసుకొన్నంత" యని సులువుగా ననివేయును. నిర్జీవమైన దానికి శిక్షాధికారమును ఆరోపించుటయే మా యభిప్రాయమున నీ లోకాభిప్రాయమునందలి మూలదోషము. మెట్టు కట్టినవాడు, దీపము వెలిగింపనివాడు, టిక్కెట్టు సొమ్ము పుచ్చుకొనినవాడు ఈ యారోపమువెనుక సుఖముగా దాగియుందురు. వారిదియు నొక విధముగా మంచముక్రింది దాగుడే.

ఇది మన ప్రాచీనధర్మమనియు, మద్యపునకు పూర్వులు ఏ హక్కును ఈయలేదనియు వాదించువారు కలరు. వారు కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ యధికరణమందలి సురాధ్యక్షప్రకరణమును చూడవలెను. శామశాస్త్రిగారు ఈ గ్రంథమును ప్రకటించినది 1909లో. కన్యాశుల్కము పెంచి వ్రాసిన రెండవ కూర్పు వెలువడినదియు నాయేడే. ఈ యాదృచ్ఛికతకు మేమేమియు విలువ కట్టుట లేదు. పానాగారములకు పెక్కు గదులుండవలెననియు, వేరువేరు శయ్యలు, ఆసనములు, గంధమాల్యములు, నీరు అమర్పవలెననియు, అవి అన్ని ఋతువులందును సుఖముగా నుండవలెననియు కౌటిల్యుడు విధించెను. అంతటితో నాగలేదు. త్రాగి మైమరచి నిద్రించిన కొనుగోలుదారు యొక్క నగలుగాని, వస్త్రములుగాని, సొమ్ముగాని పోయినచో, అమ్మినవర్తకుడే యా నష్టమును పూరించి, అంతకు సమానమైన దండమునుగూడ చెల్లింపవలెనట. వాడు త్రాగినాడు గదా, వాని జాగ్రత్త వాడు పడవలదా యను ప్రశ్న అక్కడ లేనేలేదు. త్రాగించి లాభము గొనువానికి త్రాగినవాని యజాగ్రత్త ముందే తెలియును; తెలిసి వ్యాపారము చేయుచున్నాడు గావున బాధ్యుడు.

దీనిని మితిమీరి సాగదీయరాదు. ఆ విధి సొత్తును గూర్చినది, దేహమును గూర్చినది కాదు. కౌటిల్యుని దృష్టి త్రాగువాని క్షేమముకంటె రాజ్యపు కట్టుదిట్టములమీదనే యెక్కువ. ఆ పానాగారములందే గూఢచారులను గూడ నిలిపినాడు. ఐనను, వినోదస్థలమున కాలుమోపిన మాత్రమున మనుష్యుడు రక్షణబాహ్యుడగునను భావము మన శాస్త్రములన్నిటికిని సమ్మతము గాదని చెప్పుట కీ యొక్కటి చాలును. కావ్యములకు వచ్చినచో, క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీధులలో కోడిపందెములు మొదలుకొని వేశ్యవాటికలవరకు చూచుచు తిరుగుదురు. ఆ తిరుగుటకై కవి వారిని నిందింపడు. వినోదము నగరజీవనమున నొక భాగమని యాతనికి తెలియును. సిగ్గు తరువాత వచ్చి చేరినది.

ఇక నిత్యము మన కంటబడు వార్తాభాషను పరీక్షింతము. ఇట్టి దుర్ఘటనలను తెలుపు వాక్యము ఇంచుమించు స్థిరమైపోయినది. "మద్యం మత్తులో ప్రమాదవశాత్తు జారిపడి యువకుడి మృతి" యనునది దాని నమూనా. దీనిలో మూడు మాటలను విడదీసి చూడుడు: మద్యము, మత్తు, ప్రమాదము. మూడును "మద్" అను నొక్క ధాతువునుండి పుట్టినవే. ప్రమాదశబ్దమునకు సంస్కృతమున అపాయమని గాని, దైవికముగా జరిగిన కీడని గాని ముఖ్యార్థము గాదు; అమరమునం దనవధానతయే దాని యర్థము. ఏమరుపాటు, చేయవలసిన పనియందు మనసు నిలుపకపోవుట, దానిపేరు ప్రమాదము. తెలుగున ఆ మాట క్రమముగా జారి అపాయమనియు, తుదకు ఎవరి తప్పును గాని సంఘటన యనియు అర్థమును పొందినది. "ప్రమాదవశాత్తు" అనగా నిజమున కేమరుపాటువలన నని. ఎవరి యేమరుపాటు అను ప్రశ్న ఆ మాటలో నిమిడియున్నది. నేడా మాట ప్రశ్నను పుట్టించుటకు మారుగా నణచివేయుటకు పనికివచ్చుచున్నది. ఒకే ధాతువునుండి వచ్చిన మూడు మాటలలో మొదటి రెండును పడినవాని నెత్తిన పెట్టితిమి. స్థలము నడుపువాని నడుగుటకు మిగిలిన మూడవదానిని ఎవరికిని చెందని గాలిమాటగా విడిచితిమి.

వ్యాకరణము నిచ్చట లోకమునకు తోడైనది. "జారిపడి" యను క్త్వార్థకమునకు సమానకర్తృకత్వము నియమము గదా. మత్తులో నున్నవాడు, జారినవాడు, పడినవాడు, చనిపోయినవాడు అందరును ఒక్కడే కర్త. ఈ గొలుసులో రెండవకర్తకు చోటులేదు. "మెట్లకు దీపము పెట్టకపోగా" అని భిన్నకర్తృకమైన యొక వాక్యఖండమును చేర్చిననే గాని హోటలు యజమాని వాక్యమునందు ప్రవేశింపజాలడు. విలేకరులు దురుద్దేశముతో నట్లు వ్రాయుచున్నారని మేమనము. రాత్రి రెండుగంటలకు ఠాణానుండి వచ్చిన సమాచారమును అచ్చుగడువులోపల నాలుగు పంక్తులకు కుదింపవలసినవానికి సిద్ధముగానున్న యచ్చు కావలెను. ఆ యచ్చులో మెట్టు లేదు, అంతే. కాని వేలమంది ప్రతి ఉదయము చదువునది యా యచ్చునే.

"పరిహారము" అను మాటయు నిట్టిదే. సంస్కృతమున దానికి తొలగించుట, వదలుట యని యర్థము. తెలుగువాని చెవికి వెంటనే స్ఫురించునవి దోషపరిహారము, శాపపరిహారము, గ్రహశాంతి. కావున నష్టపరిహార మడుగువాడు ఎదుటివానిని పాపివని నిందించుచున్నట్లును, ఇచ్చువాడు ప్రాయశ్చిత్తము చేసికొనుచున్నట్లును వినవచ్చును. అందుచే నిచ్చువారు ఆ మాటను తప్పించుకొని "సాయము" అందురు. ప్రభుత్వములు "ఎక్స్‌గ్రేషియా" యనును. ఇది లాటిను, అనుగ్రహముచేత నని యర్థము. బాధ్యత నంగీకరింపక దయదలచి యిచ్చునది యన్నమాట. పత్రికలు మరల దానినే శీర్షికలలో పరిహారమని వ్రాయును. ఋణమును, దానమును ఒక్క మాటలో కలిపివేసిన తరువాత, దానము పుచ్చుకొనినవాడు ఇంకను ఋణమడుగుటకు పోయినచో లోకమునకు పేరాసగా తోచుటలో వింతయేమున్నది?

ఈ భావములు ఘటనలయందెట్లు పనిచేయునో చూడవలెను. 1997 జూను 13న ఢిల్లీలో ఉపహార్ సినిమాశాల తగులబడి 59 మంది మరణించిరి. అది మధ్యాహ్నపు ఆట. యజమానుల కుటుంబమునకై కట్టిన పెట్టె యొక నిర్గమమార్గమును మూసివైచినది. అదనపు కుర్చీలు దారిని ఇరుకు చేసినవి. మృతుల బంధువులు సంఘముగా నేర్పడి న్యాయస్థానముల కెక్కిరి. ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము 2003లో 20 ఏండ్లు దాటిన మృతులకు 18 లక్షలు, అంతకు లోబడినవారికి 15 లక్షలు చొప్పున పరిహారము విధించెను. 2011లో సర్వోన్నతన్యాయస్థానము వానిని 10 లక్షలకు, 7.5 లక్షలకు తగ్గించెను. తగ్గింపును గూర్చి దుఃఖించినవారు పలువురు. కాని ఆ తల్లిదండ్రులు దావా వేయుటయే తప్పనిగాని, మధ్యాహ్నము సినిమాకేల పోయిరని గాని అడిగినవారిని మేమెరుగము.

హైదరాబాదున 2024 డిసెంబరు 4 రాత్రి యొక ప్రసిద్ధచిత్రము తొలి ప్రదర్శనయందు, ఆర్టీసీ క్రాస్‌రోడ్సు చెంత నున్న సంధ్య సినిమాశాలలో తొక్కిసలాట జరిగి యొక గృహిణి మరణించెను; ఆమె కుమారుడు ప్రాణాపాయస్థితిలో చిరకాలము ఆసుపత్రిలో నుండెను. అక్కడ మద్యముమాట లేదు. టిక్కెట్టు కొని కుటుంబముతో సినిమాకు వచ్చినవారు. అయినను ఆ దినములలో మేము సాగించిన సంభాషణలలో నెన్నిమారులో వినిన ప్రశ్న: "ఆ వేళప్పుడు పిల్లల్ని తీసుకుని ఆ జనంలోకి ఎందుకు వెళ్లాలి?" అదే యజ్ఞానముతో నడిగినవారిలో మా సహాధ్యాపకులును గలరు, ఒకసారి మేమును గలము. ఢిల్లీ మధ్యాహ్నమునకును హైదరాబాదు రాత్రికిని మధ్య న్యాయదృష్టితో భేదమేమియు లేదు. భేదము గడియారమున నున్నది. దీనినిబట్టి, లోకము త్రాగుటను నిందించుచున్నాననుకొనును గాని, నిజమున నిందించునది రాత్రిని, అందును వినోదమునకై గడపిన రాత్రిని అని తేలుచున్నది. రాత్రి జబ్బుపడిన బంధువును చూడబోయి పడినవానిని ఎవరును అట్లడుగరు. ఆ కుటుంబమునకు చిత్రమునకు సంబంధించినవారు పిమ్మట ప్రకటించిన రెండుకోట్ల రూపాయలును "సాయము"గనే వ్యవహరింపబడినవి.

స్త్రీ యైనచో నీ ప్రశ్న మరింత పదునెక్కును. పబ్బులో గాజుపెంకు గ్రుచ్చుకొనిన పురుషుని "త్రాగినాడా" యని యడుగుదురు; స్త్రీని "ఎవరితో పోయినది" యని యడుగుదురు. గాయమును గూర్చిన ప్రశ్న రెండవదానిలో బొత్తిగా మాయమైనది.

మరి మెట్టుకు నీతి తెలియదంటిమి గదా. 2025 డిసెంబరు 6వ తేదీ రాత్రి గోవాలో ఆర్‌పోరా గ్రామమున నొక నైట్‌క్లబ్బు తగులబడి 25 మంది మరణించిరి. వారిలో నధికులు అక్కడి పనివారు. దూరరాష్ట్రములనుండి పొట్టకూటికి వచ్చినవారు. నిప్పు నాట్యము చూడవచ్చినవారిని, ఉల్లిగడ్డలు తరుగువారిని వేరుచేయలేదు. ప్రధానమంత్రి సహాయనిధినుండి మృతుల కుటుంబములకు 2 లక్షలు, గాయపడినవారికి 50 వేలు ప్రకటింపబడెను. నైట్‌క్లబ్బు అగ్నిప్రమాదమను శీర్షికను చూచినంతనే మన మనసున మెదలు చిత్రమందు వంటవాడు ఉండునా? తగినశాస్తి యనుటకు తొందరపడువారు ఎవరికి శాస్తి చెప్పుచున్నారో ముందు తెలిసికొనవలెను.

ప్రతిపక్షమునకును బలము గలదు. మనుష్యుడు తన చర్యలకు తాను బాధ్యుడు కాకపోయినచో లోకము నడువదు. ఇష్టపూర్వకముగా నపాయమునకు సిద్ధపడినవానికి అపకారము జరిగినదనరాదను సూత్రము న్యాయశాస్త్రమునందు ప్రాచీనమే. దొంగగాయములతో, కల్పించిన ఆసుపత్రి లెక్కలతో దావాలు వేయువారును లేకపోలేదు. రామప్పపంతులు సంతతి నశింపలేదు. ఈ యాక్షేపములను త్రోసివేయుట మాకిష్టము గాదు. కాని యవి తేల్చునది "ఎంత" యనుదానిని. "అసలేల" యనుదానిని గాదు. త్రాగినవాడు దేనికి సమ్మతించినాడు? తల తిరుగుటకు, సొమ్ము ఖర్చగుటకు, మరునాటి తలనొప్పికి సమ్మతించినాడు. తాళము వేసిన నిర్గమద్వారమునకు సమ్మతింపలేదు. అట్టిదున్నదని యాతనికి తెలియనే తెలియదు.

భాగించుటయే న్యాయస్థానముల పద్ధతి. ఇంగ్లండులో 1945వరకు గాయపడినవాని తప్పు రవంత యున్నను సామాన్యముగా దావా మొత్తము కొట్టుపడెడిది. ఆ యేటి శాసనముతో తప్పును పాళ్లుగా పంచుట మొదలైనది. 2000లో అచటి అప్పీలు న్యాయస్థానము తీర్చిన యొక వ్యాజ్యమున, అధికారులే యేర్పరచిన రాత్రివిహారమునుండి లారీలో మరలివచ్చుచున్న సైనికుడు త్రాగి, లారీవెనుక పైకెక్కబోయి క్రిందపడెను. నూటికి 75 పాళ్లు తప్పు అతనిదే యనిరి. మిగిలిన 25 పాళ్లు, త్రాగివచ్చువారిని కనిపెట్టువాడు లేకుండ తరలించిన సైన్యవిభాగముది యనిరి. మన లోకాభిప్రాయము 75ను చూచినంతనే నూరనివేయును. మనదేశమునను 1923 నాటి శ్రామిక పరిహారశాసనము పిమ్మటి సవరణలతో ఈ వివేకమును చూపినది. పనివాడు మత్తులోనుండుటచే గాయపడినచో యజమాని తప్పించుకొనవచ్చును. కాని యా గాయము మరణమునకో శాశ్వతమైన సంపూర్ణాంగవైకల్యమునకో దారితీసినచో మత్తను సాకు చెల్లదు. ఆ శాసనము స్థానమున క్రొత్త స్మృతి వచ్చినది; కాని యా శాసనము గీచిన యీ గీత మన సంభాషణలలోని కింకను రాలేదు.

పేరాసదావాలకు దృష్టాంతముగా లోకము చెప్పుకొను కథ యొకటి కలదు: అమెరికాలో నొక ముసలమ్మ కాఫీ ఒలుకబోసికొని లక్షలు కొట్టివేసినదట. ఇది మన విందులలోను హాస్యకథగా వినబడుచుండును. కథకుడు విడిచిపెట్టు భాగములను విమర్శకుడు చూడవలెను గదా. ఆమెకు 79 ఏండ్లు. చర్మము లోతువరకు కాలి, వేరుచోటి చర్మమును తెచ్చి అతుకవలసివచ్చెను. 1994లో జూరీవారు తప్పులో నూటికి 20 పాళ్లు ఆమెదేనని తామే తగ్గించిరి. వారు దండనగా విధించిన పెద్దమొత్తమును న్యాయమూర్తి మిక్కిలి కుదించెను. ఇవి చెప్పినచో నవ్వు రాదు. నవ్వు రావలెనన్న కాలిన చర్మమును కథనుండి తీసివేయవలెను. మంచముక్రింది పంతులు వీపుమీది వాతను మనకు చూపినచో గురజాడవారి రంగమేమగునో ఊహింపుడు. ప్రహసనమునకు క్షమింపదగిన యీ లాఘవము వార్తకు క్షమార్హము గాదు.

మౌనమునకు వెలయు కలదు. రాత్రివినోదమునుండి మరలివచ్చుచు రోడ్డుమీద దెబ్బతినినవారికి, 2019 సవరణచే మోటారువాహనముల శాసనము ఆరు నెలల గడువు విధించినది. అది 2022 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చి, సర్వోన్నతన్యాయస్థానమున ప్రశ్నింపబడినది. వినియోగదారుల శాసనమున గడువు రెండేండ్లు. కుటుంబము సిగ్గునుండి తేరుకొని, పెద్దల నడిగి, పెండ్లిసంబంధముల లెక్కలు వేసికొని, సాహసించునప్పటికి ఈ గడువులెంతసేపు?

మా విద్యార్థి తండ్రిగారి కాగితములకు వత్తుము. అవి మూడు పుటలు; దస్తూరి ముత్యములవంటిది; ఉపాధ్యాయుని చేవ్రాలు గదా. మొదటి పుటలో "హోటలు మేడమీద భోజనము చేసి" యని యుండెను. నృత్యముమాట లేదు. గంట వేసినచోట తొలుత వ్రాసిన అంకెను కొట్టివేసి "సాయంకాలము" అని దిద్దిరి. మద్యప్రసక్తి లేదు; ఆసుపత్రివారి చీటీలో నున్నది. ఎదుటిపక్షపు వకీలు ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టినచో విరిగిన కటకటా మరుగునపడి, తండ్రి వ్రాసిన యసత్యమొక్కటే మిగులునని మేము చెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట కలము తీసి, సాయంకాలమును కొట్టివేసి, పన్నెండుగంటల నలుబది నిమిషములని వ్రాసిరి. కుమారుడు మద్యము పుచ్చుకొనియుండెనని మరియొక వాక్యము చేర్చిరి. ఆ వాక్యమున దస్తూరి కొంచెము వణకినది.

రెండవ పుటలో "ప్రమాదవశాత్తు కాలుజారి" యని యుండెను. ఆ మాట యుంచవలెనా తీయవలెనా యని యడిగిరి. ఉంచినచో ఎవరి ప్రమాదమో చెప్పుడంటిమి. ఆయన దానిని తీసివేసి, పైన సన్నని యక్షరములతో "మెట్లవద్ద దీపము లేకపోవుటచేతను, కటకటా ఊడియుండుటచేతను" అని వ్రాసి, ఇది వ్యాకరణరీత్యా సరియేనా యని మావంక చూచిరి. సరియేనంటిమి.